తారు పడేలోపు

పర్లాకిమిడికి ఇంకా తెల్లారలేదు.
కొట్టు షట్టరు సగమే ఎత్తి
రెండు చక్రాల్లోనూ కాస్త గాలి తీశాను.
కంకర మీదికి పోయేవాడు
మరీ బిర్రుగా ఉండకూడదురా, అనేవాడు మా నాన్న.
చక్రం గురించి అన్నాడో, నా గురించి అన్నాడో
అడగడం కుదరలేదు.

సోంబరా గమాంగ్ మలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.
క్యారియర్ సంచిలో ఉడకేసిన కర్రపెండలం,
చేతిపంపు, రెండు పాత ట్యూబులు,
వాళ్ళ చిన్నమ్మకి మోకాళ్ళ నూనె.

ముందు చిన్న రైలు దారి.
పట్టాలు వెడల్పై పక్కకి జరిగాక
ఎవరికీ అక్కర్లేకపోయిన ఒక వంపు, పాత కట్ట.
బండి ఎంత నిదానమంటే
గార్డు దిగి, గట్టుచాటున ఒంటేలు పోసుకుని,
బీడీ ముట్టించుకుని మళ్ళీ ఎక్కేవాడట.
కల్వర్టు గోడలో కట్టిన ఏడు చెక్కిన రాయి ఉంది.
ఆఖరి అంకె మీద ఎవరో సున్నం మెత్తారు.
ఇక్కడ చరిత్రకి మూడంకెలే.

కల్వర్టు దాటాక బోర్డు.
గుండ్రటి ఒడియా అక్షరాల కింద
గుండ్రటి మన అక్షరాలు.
దూరం నుంచి చూస్తే అన్నీ చక్రాలే.

ఆ తర్వాత ఎత్తు.
మహేంద్రగిరి ఎదురుగానే ఉంటుంది, దగ్గరికి రాదు.
ఎర్ర గ్రావెల్ మంచిది,
మరమరాలు నమిలినట్టు చప్పుడు చేస్తూ లొంగుతుంది.
నల్ల కంకర అలా కాదు, చక్రాన్ని నమ్మదు,
పక్కకి తోస్తుంది.
అప్పుడు బ్రేకు జోలికి పోకూడదు.
చేతులు వదులు చేసి, నడుం వెనక్కి వేసి
సైకిలు ఏ దారి అడిగితే ఆ దారి ఇచ్చేయాలి.
వెనక నుంచి సోంబరా అరుస్తాడు:
"హేండిల్‌తో తగువులాడకు గురూ!"

పైన భీముడి గుడి.
సున్నం లేదు, బంక లేదు,
ఏనుగుల్లాంటి రాళ్ళు ఒకదాని మీదొకటి.
భీముడే పేర్చాడంటారు.
పేర్చినవాడికి బిగింపు తెలుసు,
ఇరుసులో గుళ్ళు సర్దేవాణ్ణి, ఆ మాత్రం చెప్పగలను.
చల్లటి రాయికి వీపు ఆనించి
ఒక పెండలం ముక్క తిన్నాను. మబ్బు మోకాళ్ళ దాకా వచ్చింది.

దిగుతుంటే వెనక చక్రం ఉస్సుమంది.
ఆగింది సవర ఊరి చివర,
పోయినవాళ్ళ కోసం నిలబెట్టిన రాళ్ళ పక్కన.
మనిషికో రాయి.
మోకాలెత్తువి, నడుమెత్తువి, ఒకటి నా భుజం దాకా.
ఒక్కదాని మీదా పేరు లేదు.
టైరు విప్పి వేలితో తడిమితే
గుచ్చుకున్నది ముల్లు కాదు, కంకర పలుకు.
ఆ రాళ్ళ రంగే దానిదీ.
ఒకే కొండ, కొంత నిలబడింది,
కొంత క్రషర్‌లో పడి దారి మీద పడుకుంది.

ప్యాచీ ఆరేదాకా ఊరుకోలేక అన్నాను:
"ఈ దారి ఇలాగే ఉంటే ఎంత బావుణ్ణు.
వచ్చే వేసవికి తారేస్తారట. పాడు చేసేస్తారు."

సోంబరా సొల్యూషన్ మూత తిప్పుతున్నాడు.
బిగిశాక కూడా తిప్పుతున్నాడు.
"ఆ చివర్ది మా అప్పది," అన్నాడు.
"నెలలు నిండాయి. డోలీ కట్టి దింపాం, దీని మీంచే.
ఏడో మలుపు దాకా మాట్లాడింది."
గాలి కొట్టమన్నాడు.

కొట్టాను.
ముప్పై, నలభై, లెక్క తప్పేదాకా.
పొద్దున్న అడ్డమని తిట్టుకున్న కంకర కుప్పలు
రోడ్డు వారనే ఉన్నాయి,
ఒక్కోదానికి సున్నంతో నంబరు.
వాళ్ళ చిన్నమ్మ అంబలి తెచ్చి
బొటనవేలితో టైరు నొక్కి చూసింది,
ఇంకొంచెం పట్టొచ్చు అన్నట్టు తలూపింది.

రాత్రి కొట్లో పాత క్యాలెండరు వెనక
నా దారులు గీసుకున్నాను, ఎప్పట్లాగే.
కంకరకి చుక్కలు, తారుకి గీత.
ఏడో మలుపు దగ్గర పెన్సిల్ ఎత్తేశాను.
వేసవిలో పెన్ను తెస్తాను, గీత గీయాలి.
చేతులు మాత్రం ఇంకా అక్కడే ఉన్నట్టు
సన్నగా అదురుతున్నాయి,
చుక్కలు వరసలో పడటం లేదు.